ముప్పై రెండు గుంజల ముత్యాలు

ఇది అబద్ధమనేవాళ్ళు ముందు పదివేల బాతులను ఒక్క గుక్కలో లెక్కపెట్టి, ఆ తర్వాత నోరు విప్పాలి! కోతలైన వరిమళ్ళలో దిగిన ఆ మంద పదివేలకు ఒక్కటి తక్కువ కాదు. అవన్నీ కలిసి అరిస్తే పక్క తాలూకాలో పాలు విరిగిపోయేవి.

అందులో ముత్యాలని ఒక బాతు. సాయంత్రం మంద, చుట్టూ గుంజలు పాతి వల కట్టిన దడిలోకి వెళ్ళేముందు, ముత్యాలు చుట్టూ తిరిగి ముప్పై రెండు గుంజలనూ ముక్కుతో తాకాలి. ఈలోగా ఎవరైనా లోపల దూరితే మళ్ళీ ఒకటి నుంచి మొదలు! మందంతా బయట నిలబడి తిట్టుకునేది.

ఆ రోజు ముత్యాలు పంతొమ్మిదో గుంజ దగ్గరుండగా, మెడలో వేర్లదండతో నక్క వీరాస్వామి దిగాడు.

"మాంసం మానేసి పన్నెండేళ్ళు. ఇప్పుడు వైద్యమే నా వృత్తి."

మంద పెద్ద రత్తమ్మ ముత్యాలును చూపించింది. "మొహం చూసి మాట్లాడదండీ. ఎప్పుడూ గుంజల లెక్కే. ఇది రోగమా, దాని తత్వమా?"

"ముదిరిన రోగం! ఇక గుంజలు తాకనివ్వకండి. వినకపోతే దడి బయటే పడుకోబెట్టండి."

బయట అనగానే ముత్యాలు గుంజ దగ్గరికి జరిగింది. నేలచూపులతోనే అంది: "అందరూ ఒక్కసారి అరిస్తే నా తల పగిలిపోతుంది. దానికి మందుంటే ఇవ్వండి, దణ్ణం పెడతాను. గుంజలు తాకితే నాకు హాయి. హాయికి మందెందుకండీ?"

"మొహం చూసి మాట్లాడవే!"

"మొహంలో ఏముందండీ? మీ గోళ్ళలో తడి ఎర్రమట్టి ఉంది. ఈ గుంజ మొదట్లోనూ అదే. నిన్న లేదు. గుంజ ఊగుతోంది."

"విన్నారా? భ్రమ కూడా మొదలైంది! గుంజ కొండలా ఉంటేనూ!"

రత్తమ్మ మెడ సాచింది. "అయితే ఒక్కసారి ఆ గుంజకు ఆనుకోండి డాక్టరుగారూ. దాని అనుమానం తీరిపోతుంది."

"నాకు నడుంనొప్పి..."

"వైద్యులకు నడుంనొప్పేమిటండీ!"

పదివేల ముక్కులు తనవైపే తిరిగాయి. పరువు కోసం వీరాస్వామి తోక చివరతో ఆనాడు. అంతే! గుంజ ఊడింది, వల వచ్చి అతని మీద పడింది, వైద్యుడు మూటై పొర్లాడు. బాతుల కాపరి కర్ర లేచేసరికి ఏడూళ్ళకు వినపడేలా ఊళపెట్టాడు.

మర్నాటి నుంచి ముత్యాలు లెక్కపెడుతుంటే పదివేల బాతులూ నోరు మూసుకుని నిలబడేవి. దాని తలనొప్పికి రత్తమ్మ కనిపెట్టిన మందు అదే.

నొప్పికి మందు వెయ్యాలి గానీ, తీరుకు కాదు.

నమ్మరా? గట్టు మీద ఒంటికాలిపై నిలబడి అంతా చూసిన కొంగ పోలమ్మను అడగండి.