మొగలి పొదల్లో దారి

అనగా అనగా సముద్రానికీ ఎత్తైన ఇసుక దిబ్బకీ మధ్య ముత్యాలరేవు అనే పట్నం ఉండేది. ఆ రేవు రాజుకి ముహూర్తం చూడందే ముద్ద దిగేది కాదు. జనానికీ అదే అలవాటైంది.

ఒక ఏడు, సముద్రం ఊరిని ముంచేస్తుందని పుకారు పుట్టింది. రాజు సభ చేసి, అది ఏ రోజో తెలిసినవాళ్ళను చెప్పమన్నాడు.

మొదటి పండితుడు లేచి కార్తీక పున్నమి అన్నాడు. రెండో పండితుడు, కాదు, మార్గశిర అమావాస్య అన్నాడు. ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేశారు. సభకు మంచి కాలక్షేపమైంది.

మూడోది అప్పయ్యమ్మ. చూపు పోయిన ముసలిది. కోడలు ఎర్నమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. తన చిన్నతనంలో సముద్రం ముందు వెనక్కి పోయిందనీ, ఆపైన కొండలా వచ్చి తనవాళ్ళందరినీ తీసుకుపోయిందనీ చెప్పింది. దిబ్బను కమ్ముకున్న ముళ్ళ మొగలి పొదలు కొట్టించి, పైకి బాట వేయించమని వేడుకుంది.

"ఏ రోజు వస్తుంది అవ్వా?" అన్నాడు రాజు.

"రోజు నాకు తెల్దు దొరా. ఒత్తాదని మాత్రం తెలుసు."

సభంతా నవ్వింది. రోజు తెలియని జోస్యం ఏం జోస్యమని రాజు ఆమెను పంపేశాడు.

ఎర్నమ్మకు కడుపు మండింది. ఆ అత్త తప్ప ఆమెకు లోకంలో ఎవరూ లేరు. మర్నాడే కత్తి పట్టుకుని పొదలు కొట్టడం మొదలుపెట్టింది. సాయం రమ్మంటే, ముందు పున్నమో అమావాస్యో తేలనీ అన్నారు జనం.

పున్నమికి ఊరంతా బళ్ళు కట్టుకుని, దిబ్బ చుట్టూ తిరిగి, దూరపు ఊళ్ళకు పోయింది. ఏమీ కాలేదు. అంతా తిరిగొచ్చారు. అమావాస్యకు సగం మందే కదిలారు. అప్పుడూ ఏమీ కాలేదు. గండం గడిచిందని రాజు విందు చేయించాడు. ఎర్నమ్మ చేతులు మాత్రం ముళ్ళు గీరుకుని పుళ్ళు పడ్డాయి. ఒక్కతే అంత కష్టపడితే అయింది ఒక్క మనిషి పట్టే సందు.

ఏ విశేషమూ లేని ఒక మధ్యాహ్నం సముద్రం వెనక్కి పోయింది. బురదలో చేపలు గిలగిల్లాడుతుంటే జనం బుట్టలతో పరుగెత్తారు. సంగతి విని అప్పయ్యమ్మ, ఇదే ఆ రోజని కోడల్ని కేకేసింది. ఎర్నమ్మ ఆమెను వీపున వేసుకుని, అందరినీ రమ్మని అరుస్తూ సందు దగ్గరికి చేరింది. అంతలో దూరాన నీళ్ళు లేచాయి. బుట్టలు పారేసి ఊరంతా ఆ సందు మీద పడింది.

ముసలిది కోడలి వీపు దిగిపోయింది.

"ముందు పిల్లల్ని తోలుకుపోవే అమ్మా. ఈ సముద్రం నాకు కొత్త కాదు."

"నిన్నొదిలేసి ఎలా పోతాను అత్తా?"

"నన్ను మోస్తే మనిద్దరమే బతుకుతాం. పో."

ఎర్నమ్మ ఏడుస్తూనే అందిన పిల్లల్నల్లా ఒకరి వెనక ఒకరిని లాక్కుపోయింది. వెనక రాజూ, పండితులూ, మిగిలిన జనమూ ముళ్ళలో ఒకరినొకరు తోసుకుంటూ ఉండగానే నీళ్ళు వచ్చేశాయి.

ఆ సాయంత్రం దిబ్బ మీద మిగిలింది ఎర్నమ్మా, కొందరు పిల్లలూ. ఇంకాస్త వెడల్పు కొట్టలేకపోయానే అని ఆమె బతికినన్నాళ్ళూ కుమిలింది. పిచ్చి తల్లి, తప్పు తనదా? ఊళ్ళో ఇంటింటా కత్తులున్నాయి.

అందుకే పిల్లలూ, ఆపద ఏనాడొస్తుందని వాదించుకుంటూ కూర్చోక, అది రాకముందే అందరూ తలో చెయ్యీ వేసి, అందరికీ సరిపడే దారి వేసుకోవాలి.