రెండో కుంచె

జెఫన్యా అయ్యగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా చిక్కుప్రశ్న పట్టుకొస్తే సమాధానం చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. దేవుడు అందరినీ ఒకేలా చూస్తాడా అని అడిగిన ఒక పెద్దమనిషిని తీసుకెళ్ళి పెళ్ళిపందిట్లో వడ్డనకు నిలబెట్టారు. సాయంత్రానికి ఆయన నడుం పట్టుకుని ఇంటికి పోయాడు గాని ఆ ప్రశ్న మళ్ళీ ఎత్తలేదు. సమాధానం దొరికిందో, ఓపికే అయిపోయిందో ఎవరికీ తెలియదు.

అయ్యగారుండే రాట్నాలపాలెం నేతగాళ్ళ ఊరు. ఉన్నది ఒకటే పెద్ద వీధి, దానికి అటూ ఇటూ మగ్గాలున్న ఇళ్ళు, ఒక కొసన బడి, మరో కొసన అయ్యగారు వాక్యం చెప్పే పెంకుల చర్చి. బైబిలు పాఠశాలలో చదువు ముగించుకున్న దేవసహాయం అనే యువకుడు రెండేళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకుందామని ఆ ఊరొచ్చాడు. ఊరివాళ్ళు అతన్ని చిన్నయ్యగారు అనేవాళ్ళు. మంచివాడు, చదివినవాడు, నలుగురు దొరికితే మాట ఆపడం మాత్రం తెలియనివాడు. ఆ యేడు మంచి శుక్రవారం ప్రసంగం నువ్వే చెయ్యమని అయ్యగారు అతనికి అప్పజెప్పారు. అతని బతుకులో అదే మొదటి పెద్ద ప్రసంగం. మనుషుల పాపాలకు పడాల్సిన శిక్షను దేవుని కుమారుడు సిలువ మీద తను మోశాడని ఆ రోజు చెప్పాలి.

చిక్కంతా బడిలో పనిచేసే కోదండం మాస్టారి వల్ల వచ్చింది. ఆయన ఏ దేవుడికీ దండం పెట్టడు, ఏ మనిషితోనూ తగవు పెట్టుకోడు. నెమ్మదిగా అడుగుతాడు, అదే ప్రాణం తీస్తుంది. "చూడు దేవసహాయం, కొట్టినవాడు ఒకడు, దెబ్బ తిన్నవాడు ఒకడు. వీళ్ళిద్దరినీ వదిలేసి, ఏ పాపమూ ఎరగని మూడోవాణ్ణి లాక్కొచ్చి శిక్షిస్తే, ఆ న్యాయాధికారిని నువ్వు ఏమంటావు?" అన్నాడు. దేవసహాయం పాఠశాలలో నేర్చుకున్న జవాబులు మూడు చెప్పాడు. మాస్టారు మూడూ ఓపిగ్గా విని, "సరే, ఇప్పుడు అడిగినదానికి చెప్పు," అన్నాడు.

ఆ రాత్రి అతనికి నిద్ర లేదు. తనకే నమ్మకం కుదరని మాట నలుగురికీ ఎలా చెప్పేది? మర్నాడు సాయంత్రం అయ్యగారి అరుగు మీద కూర్చుని అడిగేశాడు. "తప్పు ఒకరిది, శిక్ష ఒకరికి. ఇది న్యాయమేనా అయ్యగారూ? శుక్రవారం నేను ఏ ముఖంతో నిలబడాలి?"

అయ్యగారు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. "రేపు పొద్దున్నే రూతమ్మ పడుగు చాస్తోంది. రెండో కుంచెకి మనిషి లేడట. నువ్వెళ్ళు," అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

పడుగంటే బట్టకు నిలువుపోగులు. మగ్గమెక్కించే ముందు దాన్ని వీధి పొడుగునా వెదురుకర్రల మీద చాచి గంజి పట్టిస్తారు. ఆపైన చెరో సగం దగ్గర ఒక్కో మనిషి నిలబడి, అది ఆరేదాకా పెద్ద కుంచెతో దువ్వుతూనే ఉండాలి. దువ్వినంతసేపూ పోగులు దేనికది విడిగా ఆరతాయి. చెయ్యి ఆగిందా, ఒకదానికొకటి అతుక్కుని చీపురుకట్టలా బిగుసుకుపోతాయి. బలం అక్కర్లేదు, తెలివి అక్కర్లేదు. ఆపకుండా ఉంటే చాలు.

రూతమ్మ భర్త పోయి ఆరేళ్ళు. మగ్గమూ ఆవిడా తప్ప ఆ ఇంట్లో మరెవరూ లేరు. నేత సంఘం వాళ్ళు ఇచ్చిన నూలును పోగుపోగూ సాగదీసి ఆసుపోసుకున్న పడుగు అది. అది చెడితే మళ్ళీ నూలు వచ్చేదాకా, అంటే పంటల కాలం దాకా, ఆ మగ్గం మూగదే. చర్చివైపు సగం తను అందుకుని, బడివైపు సగం దేవసహాయానికి చూపించి, "పోతా వస్తా దువ్వుతానే ఉండు చిన్నయ్యగారా, ఈ గాలికి గంటలో ఆరిపోద్ది," అని చెప్పి ఆవిడ తన పనిలో పడింది.

అతను బాగానే దువ్వాడు, బడి తలుపు తెరిచేదాకా. కోదండం మాస్టారు గుమ్మంలోంచి పలకరించి, "మొన్నటిదానికి జవాబు దొరికిందా?" అన్నాడు. రాత్రంతా ఆలోచించి కూర్చుకున్న మాటలు అతని నాలుక చివరే ఉన్నాయి. ఒక్క మాట చెప్పి వద్దామనుకున్నాడు. ఒక్క మాట పది మాటలైంది. న్యాయం గురించి, కరుణ గురించి, చేతిలో కుంచెను గాల్లో ఆడిస్తూ అతను చెబుతుంటే, మాస్టారు ఒక్కో మాటకూ ఒక్కో చిన్న ప్రశ్న వేస్తూ వచ్చాడు. ఇద్దరికీ లోకం తెలియలేదు. పడమటి గాలి మాత్రం తన పని తను చేసుకుపోయింది.

రూతమ్మ తన సగం ముగించి ఇటు తిరిగేసరికి బడివైపు పడుగు కట్టెలా అయిపోయింది. ఆవిడ కేకలు వెయ్యలేదు. పోగుల మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసింది. దేవసహాయం పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ ముఖం చూసి, చేతిలోని కుంచెను కింద పెట్టేశాడు.

ఆ వీధికి ఒక కట్టుబాటుంది. ఎవరివల్ల పడుగు చెడిందో వాళ్ళే పొద్దుగూకేలోగా పోగుపోగూ విడదీసి, తెగినవి అతికి ఇవ్వాలి. మరొకరి చెయ్యి దాని మీద పడకూడదు. ఇవ్వలేకపోతే ఇక ఆ వీధిలో వాళ్ళు కుంచె పట్టరాదు, ఎవరింటి అరుగు మీదా కూర్చోరాదు. వీధిపెద్ద యాకోబు వచ్చి ఆ మాటే చెప్పాడు. చెప్పడానికి ఆయనకూ కష్టంగానే ఉంది. "చిన్నయ్యగారని ఒకమాట, ఇంకోడని ఒకమాట ఉండదు గదా మరి," అన్నాడు.

"అది న్యాయమే," అన్నాడు దేవసహాయం. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఎవరి అరుగు మీదా కూర్చోనివ్వని మనిషి శుక్రవారం చెప్పే మాట ఏ చెవికి ఎక్కుతుందో అతనికి తెలుసు. మూటాముల్లే సర్దుకోవడమే మిగులుతుంది.

నీళ్ళు చిలకరించుకుని కూర్చున్నాడు. ఒక పోగు లాగితే పక్కది తెగింది. దాన్ని అతకబోతే మరో రెండు తెగాయి. అతికిన ముడి చేతిలోనే జారిపోయింది. పోగులు నానలేదేమోనని ఇంకాసిన్ని నీళ్ళు పోశాడు, గంజి ముద్దైంది. అతను ఎంత బాధ్యతగా చేస్తున్నాడో పడుగు అంత చిందరవందర అవుతోంది. చుట్టూ నిలబడ్డ నేతగాళ్ళకు చూడబుద్ధి కాలేదు, చెయ్యి వెయ్యడానికి కట్టుబాటు ఒప్పుకోదు. జెఫన్యా అయ్యగారు కూడా వచ్చి, ఎదురింటి అరుగు మీద కూర్చున్నారు. ఆయన ఒక్కమాట చెబుతారేమోనని దేవసహాయం రెండుసార్లు అటు చూశాడు. ఆయన తాటాకు విసనకర్రతో విసురుకుంటూ ఉండిపోయారు.

ఎండ నడినెత్తికొచ్చింది. నాలుగు వేళ్ళ వెడల్పు కూడా పోగులు విడలేదు. అప్పుడు రూతమ్మ ఇంట్లోంచి చిప్పలో బూడిద తెచ్చుకుంది. ముడి జారకుండా నేతగాళ్ళు వేళ్ళకు బూడిద రాసుకుంటారు. వచ్చి అతని పక్కనే చతికిలబడింది.

"కాస్త జరుగు," అంది.

"వద్దమ్మా. తప్పు నాది. మీరు చెయ్యడం న్యాయం కాదు."

"న్యాయంగా నువ్వే చెయ్యాల. నువ్వు చేస్తే నా పడుగు మిగలదు. జరుగు నాయనా."

యాకోబు అడ్డొచ్చాడు. "రూతమ్మా, మరొకరి చెయ్యి పడకూడదని గదా మనం పెట్టుకున్నాం?"

ఆవిడ తలెత్తకుండానే వేళ్ళకు బూడిద రాసుకుంది. "పడుగు ఎవరిది యాకోబన్నా?"

"నీది."

"చెడితే నట్టం ఎవరికి?"

"నీకే. ఎవురు కాదన్నారు?"

"మరి నేను మూడోదాన్నా?"

బడి గుమ్మంలో నిలబడి ఉన్న కోదండం మాస్టారు ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు.

యాకోబు వీధికి పెద్ద, అంత తేలిగ్గా వదిలితే కుదరదు. "అది కాదమ్మా. ఇట్టా వదిలేస్తే రేపు పెతివోడూ పడుగు ఎండబెట్టి, నువ్వే చేసుకో అంటాడు. అప్పుడేం చెయ్యాల?"

"పొద్దుగూకిందాకా ఇతన్ని ఈడే కూర్చోబెడతా. నా చేతి యేళ్ళు చూస్తానే ఉంటాడు. ఇది చూశాక గూడా ఎండబెడితే, అప్పుడు చూద్దాంలే," అంది రూతమ్మ. అని మొదటి పోగు అందుకుంది.

మాస్టారు మెల్లగా దగ్గరికి వచ్చాడు. "ఇందులో నా తప్పు కూడా ఉందమ్మా. నన్నూ ఒక పక్క కూర్చోమంటారా?" అన్నాడు.

"నీకు దణ్ణం పెడతా మేష్టరుగారా. మీరిద్దరూ కూర్చుంటే నాకు పోగనేదే మిగలదు. నీళ్ళు మోసిపెట్టు చాలు." ఆ పొద్దు ఆ వీధిలో మొదటిసారి నవ్వు వినబడింది. మాస్టారు పంచె ఎగ్గట్టి, నిజంగానే బావికి వెళ్ళాడు.

ఆవిడ చేతుల్లో పోగులు మాట విన్నాయి. తడి ఎంత పెట్టాలో, ఎక్కడ ఊదాలో, ఏది లాగాలో, ఏది లాగకుండా వదిలెయ్యాలో ఆ వేళ్ళకు తెలుసు. అయినా ఎండిన గంజిపోగు కోస్తుంది. మూడో జాముకల్లా చూపుడువేలి పక్క చర్మం విచ్చుకుంది. ఆవిడ ఆ వేలికి గుడ్డపీలిక చుట్టుకుని మధ్యవేలితో అందుకుంది. కాసేపటికి అదీ విచ్చుకుంది. దేవసహాయం బూడిద చిప్ప పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడం అంత కష్టమని అతనికి అంతకుముందు తెలియదు. తిట్టినా బాగుండు, నాలుగు దెబ్బలు వేసినా బాగుండు. రెండుసార్లు ఉండబట్టలేక చెయ్యి చాపబోతే ఆవిడ మోచేత్తో నెట్టేసింది. "నువ్వు చిప్ప పట్టుకో. ఒణక్కుండా పట్టుకో," అంది.

పొద్దు తాటిచెట్ల మీదికి దిగేసరికి చివరి పోగు విడింది. యాకోబు వచ్చి ఒక కొస నుంచి రెండో కొస దాకా అరచెయ్యి ఆనించి నడిచాడు. మధ్యలో ఆగి, వంగి చూసి, మళ్ళీ నడిచాడు. దేవసహాయం బూడిద చిప్ప పట్టుకునే ఆయన వెనకాల నడిచాడు.

"పడుగు బాగుంది," అన్నాడు యాకోబు. గుంపువైపు తిరిగి, అందరికీ వినబడేట్టు, "ఇంక ఈ విషయం ఎవురూ ఎత్తకూడదు," అన్నాడు.

దేవసహాయానికి ఏడుపొచ్చింది. పొద్దున కమ్ముకున్న సిగ్గు తాలూకు ఏడుపు కాదది. గుండెల మీద నుంచి బండ దింపినట్టుగా ఉంది, అంత తేలికైంది ప్రాణం. ఆ తేలికకు తను వీసమెత్తు పని కూడా చెయ్యలేదన్న సంగతీ అతనికి తెలుసు. ఏదో ఒకటి అనాలని రూతమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ పడుగు చుట్టుకుంటూ, "అన్నం తిన్లేదు గదా, పో, అయ్యగారు ఎదురు చూస్తుంటారు," అంది. కోదండం మాస్టారు ఖాళీ కడవ గట్టు మీద బోర్లించి, ఎవరినీ ఏమీ అడక్కుండా ఇంటికి వెళ్ళిపోయాడు. ఆయన అడగకుండా వెళ్ళిపోవడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

అరుగు మీద అయ్యగారు అతని కోసం రెండో కంచం పెట్టించి ఉంచారు. దేవసహాయం నాలుగు ముద్దలు తిని ఆగాడు. పాత ప్రశ్న గొంతులోనే ఉంది గాని, నిన్నటిలా గుచ్చుకోవడం లేదు. దాన్ని అలాగే మింగెయ్యడం అతనికి చేతకాలేదు.

"అయ్యగారూ, ఇవాళ నా విషయంలో జరిగింది న్యాయమేనంటారా?"

అయ్యగారు మజ్జిగ గిన్నె అతనివైపు జరిపారు.

"ఎల్లుండి పొద్దున రూతమ్మ తన చెల్లెలి పడుగు చాపిస్తోందట. రెండో కుంచెకి నిన్నే పంపమని ఇందాక కబురు చేసింది. న్యాయం సంగతి ఆవిణ్ణే అడుగు," అన్నారు. అని, చిన్నగా నవ్వారు. "దువ్వుతూ అడుగు."