కాలువ వెంట తంగేడుపూలు

రేవతుడికి నందకుడి మీద అనుమానం మొదలై పన్నెండు రోజులైంది.

రేవతుడు కొండ మీది విహారంలో భిక్షువు. చదువులో గట్టివాడు. ఏటినీ, గాలినీ, సంతలో జనాన్నీ గమనిస్తూ, ఎక్కడ ఏది కదిపితే ఎక్కడ ఏం జరుగుతుందో తాటాకుల మీద రాసుకునేవాడు. అతని గురువు, విహారంలో పెద్ద భిక్షువైన సుమేధ థేరుడు ఆ ఆకులన్నీ చదివాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఆ వానాకాలం తూము పని మాత్రం అతనికి అప్పజెప్పాడు.

వాగు ఒడ్డున ఒక చెక్కతలుపు. అదే తూము. దాన్ని ఎత్తితే నీళ్లు కాలువలో పడి కింద పల్లెలోని వరిమళ్లకు పోతాయి. నీళ్లు చాలకపోతే పల్లెవాళ్లు డప్పు మీద ఒక దెబ్బ వేస్తారు. ఎక్కువైతే రెండు. కాలువ మెలికలు తిరుగుతూ పోతుంది గానీ, డప్పు చప్పుడు నేరుగా కొండకు వినిపిస్తుంది.

పని తేలికే అనుకున్నాడు రేవతుడు. పొద్దున ఒక దెబ్బ వినిపిస్తే తలుపు జానెడు ఎత్తాడు. కాసేపటికి మళ్లీ ఒక దెబ్బ. ఇంకో జానెడు ఎత్తాడు. మధ్యాహ్నం మళ్లీ ఒక దెబ్బ. తలుపు పూర్తిగా ఎత్తేశాడు. సాయంత్రానికి రెండు దెబ్బలు, ఆపకుండా. మళ్లు మునిగి నాట్లు తేలిపోతున్నాయి. తలుపు దించేశాడు. మర్నాడు మళ్లు ఎండిపోయాయి.

రోజూ ఇదే తంతు. తన లెక్కలో తప్పు లేదు. అంటే దారిలో ఎవరో నీళ్లతో ఆడుకుంటున్నారు.

కాలువ సగం దారిలో గుడిసె వేసుకుని గేదెలు మేపుకునేవాడు నందకుడు. మనిషి ముభావి. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడు. రేవతుడు రెండుసార్లు అతని గుడిసెకు వెళ్లి పారను తిప్పి చూశాడు. దానికి తడిమట్టి ఉంది.

"గట్టు తెగితే పూడ్చాను" అన్నాడు నందకుడు.

"ఎందుకు తెగింది?"

"మీకే తెలియాలి."

ఆ మాట రేవతుడి మనసులో ముల్లులా దిగబడింది. పల్లెపెద్దకు కబురు పంపాడు. మర్నాడు పొద్దున్నే పల్లెవాళ్లు నందకుణ్ణీ, అతని భార్యనూ గుడిసెలో ఉంచి బయట ఇద్దరిని కాపలా పెట్టారు. పొద్దు గుంకేలోగా గేదెల్ని తోలుకుని ఈ సీమ విడిచిపోవాలని తీర్పు చెప్పారు.

రేవతుడు ఆ సంగతి గురువుకు చెప్పేసరికి, దూరంగా డప్పు ఒక దెబ్బ మోగింది. అతను వెళ్లి తలుపు జానెడు ఎత్తాడు. వెనకే వచ్చిన థేరుడు దారిలో కోసిన గంపెడు తంగేడుపూలు కాలువ నీళ్లలో కుమ్మరించాడు.

"పద, వీటితో నడుద్దాం."

ఇద్దరూ గట్టు వెంట నడిచారు. పూలు తూటికాడల్లో చిక్కుకున్నాయి, విడిపోయాయి. గేదెలు పొర్లిన గుంటలో చేరి గుండ్రంగా తిరగసాగాయి. గుంట నిండితే గానీ నీళ్లు ముందుకు పోవడం లేదు. గురువు గట్టున కూర్చున్నాడు, పక్కనే రేవతుడూ.

మళ్లీ ఒక దెబ్బ మోగింది.

రేవతుడు లేచాడు. "భంతే, నీళ్లు చాలడం లేదట. వెనక్కి వెళ్లి ఇంకాస్త ఎత్తి వస్తాను."

"పూలు ఎక్కడున్నాయి?"

రేవతుడు గుంటలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. రోజూ ఈపాటికి తాను తలుపు రెండోసారి ఎత్తేవాడు. పొద్దున వదిలిన నీళ్లే ఇంకా ఇక్కడున్నాయి. మళ్లీ గట్టున కూర్చున్నాడు.

మధ్యాహ్నం కూడా డప్పు మోగింది. అతను కదల్లేదు.

గుంట నిండాక పూలు ముందుకు సాగాయి, వాటి వెంట వాళ్లూ నడిచారు. పొద్దు వాలుతుండగా మొదటి పూలు వరిమడిలోకి వచ్చాయి. నీళ్లు నాట్ల పాదాలు తడిపి, నెమ్మదిగా పైకొచ్చి, కావలసినంత మేరకు నిలిచాయి. ఆ సాయంత్రం రెండు దెబ్బలు మోగలేదు.

పల్లెపెద్ద ఆనందంగా ఎదురొచ్చాడు. "చూశారా భంతే! వాణ్ణి కదలకుండా కూర్చోబెట్టాం, నీళ్లు కుదురుకున్నాయి. మీ అనుమానమే నిజం."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. రేవతుడు గురువు వైపు చూశాడు. గురువు మడి వైపు చూస్తున్నాడు.

"నీళ్లు కుదురుకున్నది నేను కదలకుండా కూర్చున్నందుకు" అన్నాడు రేవతుడు. "ఇన్నాళ్లూ మీ మళ్లు ముంచిందీ ఎండబెట్టిందీ నేనే. నేను వదిలిన నీళ్లకు తెగిన గట్టునే నందకుడు పూడ్చాడు."

పల్లెపెద్ద అతన్ని పైనుంచి కిందకి చూశాడు. నందకుడు ఏమిచ్చి ఈ మాట అనిపించాడా అన్నట్టుంది ఆ చూపు. చివరికి తీర్పు రద్దు చేసి, కాపలావాళ్లను వెనక్కి పిలిపించాడు.

గురుశిష్యులు నందకుడి గుడిసెకు చేరేసరికి కాపలా లేదు. తలుపు మాత్రం లోపల గడియపెట్టి ఉంది.

"నందకా, నేను, రేవతుణ్ణి. తప్పు నాది. ఆ మాట చెప్పుకోవడానికి వచ్చాను."

లోపల్నుంచి నందకుడి భార్య గొంతు వినిపించింది. "ఈసారి ఏం వెతకడానికొచ్చారు?"

థేరుడు గుడిసె ముందు నేల మీద కూర్చున్నాడు. రేవతుడు తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఎంతసేపటికీ గడియ కదల్లేదు. అతను తలుపు తట్టబోతూ వెనక్కి తిరిగాడు.

"ఇంకోసారి పిలవనా, భంతే?"

"ఒకసారి పిలిచావుగా" అన్నాడు గురువు.

రేవతుడు ఎత్తిన చేయి దించి, వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.