కుడి వేలు చాపినవాళ్ళు

కనిగిరి దగ్గరి మఠంలో చిదంబరయ్యగారని మా అమ్మ పుట్టింటివారి గురువుగారు ఉండేవారు. అడిగిన ప్రశ్నకు అడిగిన రోజే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. మా చిన్న మామయ్య శ్రీపతి ఆయన శిష్యుడు. ఒక ఏకాదశి నాడు పాదాల దగ్గర కూర్చుని అడిగాడట: "స్వామీ, ఊరూరా పిల్లలు డిగ్రీలు చదివి ఖాళీగా కూర్చున్నారు. వీళ్ళకు పనులు ఎక్కడినుంచి పుట్టుకొస్తాయి?"

గురువుగారు తులసిమాల తిప్పుతూనే ఉన్నారు. "అన్నదానం వంటశాలలో గిన్నెలు తోమడానికి ఒక మనిషి కావాలి. సంతకం రానివాళ్ళే రావాలని కాగితం రాసి గేటుకు అంటించు" అన్నారు.

సోమవారం పొద్దున గేటు తీసేసరికి రోడ్డు మలుపుదాకా వరస. మామయ్య బల్ల వేసుకుని, ఒక్కొక్కరి పేరు రాసి, పక్కన వేలిముద్ర వేయించుకుంటున్నాడు. నలభై దాటాయి. మజ్జిగ బిందెతో అటు వచ్చిన వంటమనిషి ఓబులమ్మ ఆగిపోయింది.

"ఏందయ్యా ఈ చోద్యం! అందరూ కుడి వేలు చాపుతుండారే! ముద్ర వేసే మగోడు ఎవుడైనా ఎడమ వేలు గదా ఇచ్చేది? వీళ్ళు ఎన్నడూ ముద్ర వేసినోళ్ళు కాదు సామీ!"

"మెల్లగా అవ్వా, మా బీటెక్కులు బయటపడతాయి" అన్నారెవరో వెనకనుంచి. ఒక్కరూ నవ్వలేదు.

పేరు అడగకముందే మామయ్య చేతికి ఇంకో కుడి వేలొచ్చింది. తలెత్తి చూశాడు. తలకు తువ్వాలు చుట్టుకుని నిలబడ్డది సొంత అన్న, మా పెద్ద మామయ్య కోదండం. ఎమ్మెస్సీ. ఒంగోలు కాలేజీలో పాఠాలు చెబుతున్నాడని రెండేళ్ళుగా ఇంటిల్లిపాదీ నమ్మిన మనిషి. ఆయన కుడిచెయ్యి వెనక్కి తీసుకుని, మెల్లగా రెండోది చాపాడు.

"ఎడమదా? సరే, ఇదిగో. అమ్మకు మాత్రం చెప్పకురా."

చెప్పలేదు. మా అమ్మమ్మకు చివరిదాకా తెలియదు.

గురువుగారు మెట్లు దిగి వచ్చారు. ఆ జనాన్ని చూసి, తనకెక్కడ దక్కుతుందిలే అని వెనక్కి మళ్ళిన ఒక గొర్రెలకాపరిని పిలిపించి, గిన్నెల పని అతనికిచ్చారు. అతను చెప్పకుండానే ఎడమ వేలు చాపాడు.

తర్వాత పెద్ద మామయ్య దగ్గర ఆగారు. "ఏం చదివావు నాయనా?"

"నీళ్ళ పరీక్ష స్వామీ. ఏ నీళ్ళలో ఏముందో చెప్పగలను."

ఓబులమ్మ బిందె దించి మోకాళ్ళు పట్టుకుంది. "అయితే మా బాయి నీళ్ళు చూసి చెప్పు నాయనా. కాళ్ళు వంకరపోయి ఊరంతా ఇట్నే కుంటుతుండాం. ఇన్నేళ్ళలో ఒక్కరూ చూళ్ళేదు."

గురువుగారు పెద్ద మామయ్య బొటనవేలికంటిన సిరాను తన ఉత్తరీయంతో తుడిచి, చిన్న మామయ్య వైపు తిరిగారు.

"శ్రీపతీ, గేటు మీది కాగితం తీసెయ్యి. మనకేం కావాలో రాశాం. వాళ్ళకేం వచ్చో ఎక్కడా అడగలేదు."