చలమశెట్టి వేలికి కాసిన కాయ

అనగనగా మణిగిరి అనే రాజ్యం. మరీ అంత పాతకాలం కాదు, సిగ్గుపడ్డవాడికి ఇంకా చెవులు వేడెక్కేంత దగ్గరకాలం. ఆ రాజ్యంలో చలమశెట్టి అనే అత్తరు వర్తకుడు ఉండేవాడు. ఆయనలో ఒక గొప్ప సుగుణం ఉండేది. ఫలానా విద్య తనకు రాదని చెప్పి ఏనాడూ ఎదుటివాడి మనసు నొప్పించలేదు.

ఒకనాడు రాజుగారు పన్నీరు బుడ్డి వాసన చూస్తూ, "శెట్టీ, నీకు వీణ వచ్చునా?" అని అడిగాడు.

"ఏదో తమ దయ, మహారాజా," అన్నాడు శెట్టి తల వంచి. వినయం కూడా ఆయనకు బాగానే వచ్చు.

"మంచిదైంది. ఆరు నెలల్లో మా అమ్మగారు వెయ్యి పున్నములు చూసిన పెద్దావిడ అవుతుంది. సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నాం. చిన్ననాడు తాను వాయించిన వీణ మళ్లీ ఒక్కసారి వినాలని ఆవిడ కోరిక. మన వైణికుడేమో కాశీకి పోయాడు. ఆనాడు నువ్వు వాయించాలి."

శెట్టి ఇంటికైనా వెళ్లకుండా శేషమ్మగారి దగ్గరికి పరిగెత్తాడు. వేళ్లు వంకర్లు పోయి వాయించడం మానేసింది గానీ, ఊళ్లో వీణ నేర్పేది ఆవిడ ఒక్కతే.

ఆవిడ మొదటి పాఠమైన సరళీ వరుస పాడి, మెట్ల మీద వేలు పెట్టి చూపించింది. "శెట్టిగారూ, పొద్దున్నే పొయ్యి మీద ఎసరు పెట్టించండి. అది మరిగేలోగా సరళీ వరుస వాయించండి. అంతే. ఒక్కరోజు మానకండి. తీగ నొక్కి నొక్కి వేలికి కాయ కాస్తుంది. అప్పుడు కనబడండి," అంది శేషమ్మ.

ఇంతేనా అనుకున్నాడు శెట్టి. సింహంలాంటి వెండి యాళి ముఖం ఉన్న వీణ చేయించాడు. ఇక ముహూర్తం కావాలి. సోమవారం తిథి బాగాలేదు. మంగళవారం ఎవరైనా మొదలుపెడతారా? బుధవారం తుమ్మారు. అలా రెండు నెలలు గడిచాయి.

బజారులో శేషమ్మ ఎదురైంది. "కాయ కాసిందా నాయనా?"

"ఇంకా పూత మీద ఉందమ్మా," అన్నాడు శెట్టి.

తరువాత ఎండలు ముదిరాయి. మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడి అవి కదిలాయని వీణను మరమ్మతుకు పంపాడు. తిరిగొచ్చాక పట్టుగుడ్డ కప్పి గోడకు తగిలించాడు. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. మరో రెండు నెలలు పోయాయి.

"కాయ కాసిందా?"

"పిందె పడిందమ్మా!"

చూస్తుండగానే ఇక ఇరవై రోజులే మిగిలాయి. శెట్టి వీణ దించి, తీగను ఒక్కసారి గట్టిగా నొక్కాడు. చీమ కుట్టినట్టయింది. అమ్మో అనుకుని మళ్లీ తగిలించాడు. అప్పుడు తట్టింది ఉపాయం. కాయ చూపించి, సాధన ఎక్కువై వేలు కదలడం లేదంటే సరి! గంధపుచెక్క పుచ్చుకుని సానరాయి ముందు కూర్చున్నాడు. పొద్దున ఒక జాము, సాయంత్రం ఒక జాము అరగదీశాడు.

"ఎవరి పెళ్లండీ, ఇంత గంధం?" అంది భార్య.

"మాట్లాడించకే, సాధన చెడుతుంది," అన్నాడు శెట్టి.

నిజంగానే వేలు కాయ కాసింది. వీధిలోంచే కేకేసి చెప్పాడు. శేషమ్మ కళ్లు తుడుచుకుని, "నా మాట విన్న మొదటి పెద్దమనిషివి నాయనా," అంది.

వేడుకనాడు సభ నిండింది. శెట్టి వీణ ముందుంచుకుని నిట్టూర్చాడు. "మహారాజా, సాధన ఎక్కువై వేలు కదలడం లేదు. ఈ కాయ చూడండి!"

ముసలి రాజమాత ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. వేలు తడిమింది. ఆయనకు మాత్రమే వినబడేట్టు, "నాయనా, ఇది కుడిచెయ్యి. తీగ నొక్కేది ఎడమచెయ్యి కదా," అంది.

సభంతా విని నవ్వినా బాగుండేదనిపించింది శెట్టికి.

"ఏమిటమ్మా?" అన్నాడు రాజు.

"శెట్టిగారే చెబుతారు," అందావిడ.

ఒక మూలన శేషమ్మ, తప్పు తనదే అయినట్టు తల దించుకుని కూర్చుంది. అది చూశాక ఆయనకు అబద్ధం రాలేదు.

"నాకు వీణ రాదు, మహారాజా. ఆరు నెలల్లో తీగను ముట్టింది ఒక్కసారి. శేషమ్మగారు సరిగానే చెప్పింది. నేనే వినలేదు."

అప్పుడు శేషమ్మను చెయ్యిపట్టి తీసుకొచ్చిన ఆవిడ ఇంటి వంటమనిషి నూకాలు లేచింది. "సెలవిస్తే, నాకొచ్చిన నాలుగు స్వరాలు..." అంటూ వీణ ముందు కూర్చుంది. సరళీ వరుసే వాయించింది. మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం, ఒకదానికి ఒకటి రెట్టింపు వేగం. ఒక్క స్వరం జారలేదు.

"నేను మొట్టమొదట నేర్చిందీ ఇదే," అంది రాజమాత, కళ్లనీళ్లతో. ఆనాటినుంచి నూకాలు రోజూ కోటకు వచ్చి ఆవిడకు వీణ వినిపించాలని రాజు ఆజ్ఞ.

బయట శెట్టి నూకాలును ఆపాడు. "నీకెవరు నేర్పారమ్మా?"

"మీకు చూపిస్తుంటే గుమ్మంలో బియ్యం ఏరుతూ చూశానండి, విన్నానండి. ఎసరు ఎలాగూ నేనే పెడతాను కదా, అమ్మగారి పాత వీణ ఉంది, వాయించుకున్నాను."

ఆ మాట శెట్టికి వీణ తీగకన్నా గట్టిగా కుట్టింది. మర్నాడు తెల్లవారగానే పీట వేసుకుని వీణ ముందు కూర్చున్నాడు. తిథి చూడలేదు. మూడేళ్లు దాటింది. ఎవరైనా అడిగితే ఉన్నమాటే చెబుతాడు: "మొదటి కాలం వచ్చింది. రెండోది తడబడుతుంది. మూడోది రాదు."

రోజూ చేసిన కొంచెమే విద్య అవుతుంది. చేసినట్టు కనబడడానికి పడిన పాటు సిగ్గుగానే మిగులుతుంది.