సుంకన్న మీద పడిన బండ

రెండు ఎర్రగుట్టల నడుమ ఒక ఇరుకు కనుమ. ఇవతల అడవి, అవతల ఏరు. నీళ్లకు పోవాలంటే దున్నయినా ఎలుకైనా ఆ కనుమలో ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే, వేరే దారి లేదు. కనుమ మొదట్లో ఒక దిబ్బ, దిబ్బ నిండా ఇప్పచెట్లు. ఎండాకాలం పూత రాలితే అడవంతా తీపి వాసన. ఆ దిబ్బ ఒక ముసలి అడవిపందిది. తాతల నాటి నుంచి తమదేనని పంది చెప్పేది. కాదని చెప్పడానికి వచ్చినవాళ్లకు కోరలు చూపించేది. అడవిలో పట్టా అంటే అంతే.

ఆ పంది మంచిదని నేను చెప్పను. రాలిన పువ్వు ఒక్కటి ఎవరైనా నోట పెట్టుకుంటే ఏటి దాకా తరిమేది. చచ్చినవాళ్లందరినీ మంచివాళ్లనడం లోకానికి అలవాటు, నాకు లేదు.

ఆ దిబ్బ మీద ముగ్గురికి కన్ను పడింది. ఒకటి ఎలుగు, పేరు బసప్ప. ఒళ్లు గుట్టంత, బుర్ర రేగ్గింజంత. రెండోది కొండముచ్చు, పేరు కోనప్ప. చిరుత వచ్చినా, వేటగాడు వచ్చినా చెట్టు మీంచి కూత పెట్టి అందర్నీ హెచ్చరించడం దాని వంశం పని. ఆ కూతను నమ్ముకునే అడవిలో తల్లులు పిల్లల్ని బయటికి వదిలేవాళ్లు. మూడోది నక్క, పేరు ఓబులేసు. దానికి పనంటూ ఏమీ లేదు, సలహాలివ్వడం తప్ప.

పథకం ఓబులేసుదే. గుట్ట అంచున ఒక బండ ఉంది, కింద మట్టి తవ్వితే ఒక్క తోపుకు కనుమలోకి దొర్లుతుందని ఎలుగుకు చెప్పింది. కొండముచ్చు దగ్గరికి పోయి, పంది కనుమలోకి రాగానే తోక ఊపు, కూత మాత్రం పెట్టొద్దు, నువ్వు చెయ్యాల్సింది ఏమీ చెయ్యకపోవడమే అంది. కొండముచ్చుకు ఆ పని బాగా నచ్చింది. కూర్చుని సంపాదించడం ఎవరికి చేదు. తాను మాత్రం ఆ రోజు ఏటి అవతల మేనత్త ఇంటికి పోతున్నానని ఓబులేసు అడవంతా చాటింది. అడిగినవాళ్లకు చెప్పింది, అడగనివాళ్లను ఆపి మరీ చెప్పింది.

పొద్దు వాలే వేళ పంది నీళ్లకు బయల్దేరింది. దాని వెనకాలే ముళ్లపంది సుంకన్న. సుంకన్నకు పందితో పొత్తు లేదు, ఎలుగుతో పగ లేదు. ఇంట్లో బాలింత పెళ్లాం మాదమ్మ, ఇంకా ముళ్లు గట్టిపడని పిల్లలు. ఏటి గట్టున గడ్డలు తవ్వి తెస్తానని చెప్పి వచ్చింది. బండ దొర్లింది. పంది పోయింది, సుంకన్న కూడా పోయింది. ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగినట్టు అంటారు. లేగదూడకు కనీసం పోట్లాట కనపడుతుంది. సుంకన్నకు అదీ లేదు.

కనుమ దారిలో ప్రాణం తీసినవాడు ఏరు దాటి పోవాలి, మళ్లీ ఇవతలికి రాకూడదు. అది ఆ అడవి కట్టుబాటు. చచ్చినవాళ్ల తరఫువాళ్లు రాజీ పడితే మాత్రం వదిలేస్తారు. ఓబులేసు తెల్లారేసరికి పంది తమ్ముడి దగ్గర ఉంది. దిబ్బ మీద మాట వదులుకుంటే ఎండిపోయిన వాగు పక్కన బురదగుంట మీదేనని బేరం పెట్టింది. అన్న పోయిన దుఃఖం తమ్ముడికి బురదలో దిగేసరికి చల్లబడింది. పంది సంగతి రాజీ అయిపోయింది.

మిగిలింది సుంకన్న సంగతి. మాదమ్మ రాజీకి రానంది. దాని బొరియ సరిగ్గా ఆ గుట్ట కింద ఉంది. ఆ ముగ్గురూ అడవిలోనే ఉంటే, రేపు పిల్లలు నడిచేది అదే దారి, పైన అదే ఎలుగు, చెట్టు మీద కావలి అదే కొండముచ్చు. వాళ్లన్నా పోవాలి, లేకుంటే ముళ్లు మొలవని పిల్లల్ని వెంటేసుకుని తానన్నా పోవాలి. మధ్యలో ఇంకో దారి లేదు.

పంచాయితీ వాగు ఇసుకలో కూర్చుంది. పెద్ద ఒక ముసలెద్దు. ఒకప్పుడు ఊళ్లో బండి లాగింది. పని తగ్గాక యజమాని కబేళాకు తోలుతుంటే దారిలో తాడు తెంచుకుని అడవి చేరింది. చుట్టూ అడవిదున్నలు నిలబడ్డాయి. ఎద్దు చెప్పిన తీర్పుకు కొమ్ములు వాటివి. ఎద్దు నెమరు వేస్తూ ముందు ఎలుగును అడిగింది.

"నేను తోసింది పంది మీదికి పెద్దయ్యా," అంది బసప్ప. "సుంకన్న మీదికి తోయలా."

"ఆ సంగతి బండకు చెప్పినావా?"

ఎలుగు కాసేపు నిజంగానే ఆలోచించింది. "చెప్పలా," అంది.

కొండముచ్చు వంతు వచ్చింది. తాను చెయ్యి కదపలేదని, కాలు కదపలేదని, నోరు కూడా విప్పలేదని, ఏమీ చెయ్యనివాణ్ణి ఏ నేరానికి పట్టుకుంటారని నిలదీసింది. కంచే చేను మేసినట్టని ఎవరో వెనక నుంచి గొణిగితే, నేను మేయలేదు, చూస్తూ కూచున్నానంతే అని సర్దింది.

ఇక ఓబులేసు. తాను ఆ రోజు మేనత్త ఇంట్లో ఉన్నానని ముందు గుర్తు చేసింది. అయినా న్యాయం తెలిసినవాడిగా ఒక మాట చెప్పడం తన ధర్మమంది. బసప్పకు సుంకన్న మీద పగ లేదు. పగ లేనిచోట హత్య ఎక్కడిది? సుంకన్న ఆయుస్సు తీరింది, బండ ఒక సాకు. తప్పదనుకుంటే బండను వెలివేసుకోండి, తమకు అభ్యంతరం లేదంది.

"మా ఆయన ఆయుస్సు తీరిన సంగతి మేనత్తింట్లో కూచుని లెక్కేసినావా?" అని అడిగింది మాదమ్మ.

"వదినా, దుఃఖంలో ఉండావు, ఏదో అంటావు."

"నేను నీకు వదిన ఎప్పుడైతిని? ఆయన ఉన్నన్నాళ్లూ ముళ్లదానా అనే పిలిస్తివే."

దున్నల్లో ఒకటి ముక్కుతో నవ్వింది. ఎద్దు నవ్వలేదు. నెమరు మింగి, సుంకన్న సంగతిలో ఎవరు చెప్పాల్సింది వాళ్లు చెప్పారు, ఇక దాన్ని పక్కన పెట్టి ఇప్పదిబ్బ పాళ్లు తేలుద్దామంది. మాదమ్మ ఒంటి మీద ముళ్లన్నీ లేచాయి.

"పెద్దయ్యా, నీకూ ఇప్పపూలు తీపేనా?"

ఎద్దు దిబ్బ వైపు చూసింది. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఎద్దులే సామెత మర్చిపోయాక ఇక ఎవరికి చెప్పుకోవాలని మాదమ్మ ఇసుకలో కూలబడింది.

దిబ్బ లెక్క తేలికంది ఎద్దు. పంది తరఫువాళ్లు వదులుకున్నారు కాబట్టి పని చేసినవాళ్లదే దిబ్బ. ఎవరి పని ఎంతో అంత పాలు. పంది చావు రాజీ అయిపోయింది, కాబట్టి దాని మీద ఎవరేం చెప్పినా శిక్ష లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోండి, ఎక్కువ పని చేసినవాడికి ఎక్కువ చెట్లు అంది. గాలి దిబ్బ వైపు నుంచి వీస్తోంది. ముగ్గురి ముక్కులూ అటే తిరిగాయి.

ఎలుగు ముందుకొచ్చింది. బండ కింద మట్టి తవ్వింది తానే, తోసింది తానే, గోళ్లు అరిగింది తనవే. సగానికి పైన తనకే రావాలంది.

"అంచు మీంచి నీకు కింది దారి కనపడుతుందా?" అంది కొండముచ్చు. "తోక ఊపింది ఎవరు? నా తోక లేకపోతే నువ్వు పొద్దుపోయేదాకా ఆ బండను కావలించుకుని కూచునేవాడివి." తర్వాత ఎద్దు వైపు తిరిగి గొంతు తగ్గించింది. "పెద్దయ్యా, వీడిది ఒంటి కష్టం. నాది మనసు కష్టం. పంది ఒక్కటే వచ్చుంటే నోరు మూసుకోవడం ఏం గొప్ప? వెనకాల సుంకన్న వచ్చినాడు. పైకి చూసి నాకు తల ఊపినాడు. నేను చెట్టు మీద ఉన్నా కదా అని ధైర్యంగా కనుమలోకి పోయినాడు. కూత గొంతు దాకా వచ్చింది. మింగినా. ఆ మింగిన కూతకు విలువ లేదా?"

మాదమ్మ తల ఎత్తింది.

"ఉంది కోనప్పా," అంది ఎద్దు. "శానా విలువ ఉంది."

తర్వాత నక్కను చూసి, నువ్వు మేనత్తింట్లో ఉంటివి కాబట్టి నీకు పాలు లేదు, దిబ్బ వాళ్లిద్దరిదేనంది. ఆ మాటకు ఎలుగూ కొండముచ్చూ ఒక్కసారిగా నిజాయితీపరులైపోయాయి. అవును, పాపం ఓబులేసు ఆ రోజు అడవిలోనే లేడు, కావాలంటే మేమే సాక్ష్యం అన్నాయి.

ఓబులేసుకు ఒక పక్క మేనత్త ఇల్లు, ఒక పక్క ఇప్పదిబ్బ. అబద్ధం మరీ ఇంత గట్టిగా కట్టుకోవాల్సింది కాదని నక్క బాధపడటం లోకంలో అదే మొదలేమో. సలహాకు కూడా కొంత పాలు ఉంటుంది కదా అని మెల్లగా కదిపింది. సలహాలకు చెట్లు రావు, ఆ చోట ఉండి పని చేసినవాడికే అని ఎద్దు మళ్లీ నెమరులో పడింది. అటు కొండముచ్చు ఏ చెట్టు ఎవరిదో ఎలుగుతో పంచుకోవడం మొదలుపెట్టింది. అది చూసి నక్క తట్టుకోలేకపోయింది.

"మేనత్తా లేదు, గీనత్తా లేదు," అంది. "బసప్ప పక్కనే తంగేడు పొదలో ఉన్నా. ఈ మొద్దులకు పని చేతనైతే కదా. వెనకాల సుంకన్న ఉన్నాడని కోనప్ప సైగ చేస్తానే ఈ ఎలుగు చేతులు వెనక్కి తీసుకున్నాడు. వాణ్ణి పోనిచ్చి తోద్దామన్నాడు. వాడు పోయేసరికి పంది కనుమ దాటుతుంది, మళ్లీ ఇట్లాంటి అదను దొరకదు, వాడు పోతే పోతాడు తొయ్యరా అన్నది ఎవరు? నేను. ఆ మాట లేకపోతే బండ ఇప్పటికీ అంచునే ఉండేది."

"ఆ మాట నిజమే," అంది ఎలుగు, తనకూ ఏదో మంచి పేరు వస్తోందనుకుని. "నేను ఆగినా. మళ్లీ తోసినా."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని వింటుంటాం. వీళ్లు గుమ్మడికాయలు మోసుకొచ్చి, ఎవరిది పెద్దదో చూడమని పంచాయితీ ముందు పెట్టారు.

ఎద్దు లేచి నిలబడింది. "పంది సంగతి రాజీ అయింది, దాన్ని నేను ముట్టుకోను. సుంకన్న సంగతి రాజీ కాలేదు. పందిని చంపిన బండే సుంకన్నను చంపింది. దాని కింద ఎవరుండారో తెలిసే సైగ చేసినారు, తెలిసే తోయమన్నారు, తెలిసే తోసినారు. మీ పని ఎంతో మీ నోటితోనే చెప్పుకున్నారు."

అంతే, పాళ్లు తగ్గడం మొదలైంది. కొండముచ్చు తోక తాను ఊపలేదట, గాలికి ఊగిందట. ఎలుగుకు బండ ముందే కదులుతున్నట్టు గుర్తొచ్చింది. ఓబులేసు మాత్రం పెద్దల మాట పట్టుకుంది.

"తిలాపాపం తలా పిడికెడు అన్నారు పెద్దయ్యా. తోసినోడు ఏరు దాటనీ. తోక ఊపినోడు ఒక కాలం దూరంగా ఉంటాడు. నేను నోటి మాట అన్నోణ్ణి, కొన్నాళ్లు కనపడకుండా పోతా. పాళ్ల ప్రకారం పంచు."

"నేను కాడి మోసినోణ్ణి ఓబులేసూ," అంది ఎద్దు. "నా పక్కన ఇంకో ఎద్దు ఉండేది. బండి కింద ఒకడు పడితే సగం నేను తొక్కినా, సగం అది తొక్కింది అని మేము ఎప్పుడూ అనుకోలా. పంటకు పాళ్లుంటాయి. ప్రాణానికి పాళ్లు లేవు. సుంకన్న మూడో వంతు చావలా, నిండుగా చచ్చినాడు. మీలో ఒక్కొక్కడూ నిండుగా మోయాల్సిందే."

ముగ్గుర్నీ ఏరు దాటించమంది. దున్నలు కొమ్ములు దించి నడవసాగాయి. ఆ సందులో పంది తమ్ముడు బురద ఓడుతూ వచ్చి, దిబ్బ ఖాళీ అయింది కదా, మాకే తిరిగి రావాలి కదా అని మొదలుపెట్టింది. అన్నను ఇచ్చి తెచ్చుకున్న బురద చల్లగానే ఉందా అని ఎద్దు పలకరించింది. తమ్ముడు వచ్చిన దారినే పోయి గుంటలో దిగింది. దిబ్బకు ఇక ఎవరూ హక్కుదారు కాదని, ఆకలైన పిల్లలు ఎవరైనా ఏరుకు తినొచ్చని ఎద్దు అక్కడే తేల్చేసింది.

ఏటి ఒడ్డు దాకా మాదమ్మ కూడా వచ్చింది, దాటడం కళ్లారా చూడాలని. నీళ్లలో కాలు పెట్టబోతూ నక్క వెనక్కి తిరిగింది.

"వదినా, ఒట్టు. నీ మొగుణ్ణి చంపాలని నేను ఏనాడూ అనుకోలా. వాణ్ణి గురించి ఆలోచించను కూడా లేదు."

"తెలుసు ఓబులేసూ," అంది మాదమ్మ. "నా కడుపుమంట అదే."

ఓబులేసుకు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యే బుర్రయితే ఆ రోజే అర్థమయ్యేది. వెనక నుంచి ఒక దున్న కొమ్ము తగిలితే నీళ్లలో దిగింది. ఎవరి వల్ల ఈ గతి పట్టిందో ఒకరికొకరు చెప్పుకుంటూ, అందులో మాత్రం పెద్ద పాలు పక్కవాడికే ఇస్తూ, ముగ్గురూ అవతలి గట్టు ఎక్కి పోయారు.

తోసేదాకానే బండ నీ మాట వింటుంది. తోసినాక అది ఎవరి మీద పడినా ఆ చావు నీదే.