ఆనుకునే గోడ

అనకాపల్లిలో గవర్రాజు అని బెల్లం మార్కెట్ గుమాస్తా ఒకడు ఉండేవాడు. మనిషి బంగారమేగానీ, ఇంటికొచ్చినవాళ్ళు ఏమనుకుంటారోనన్న బెంగ మాత్రం అతన్ని కుదురుగా అన్నం కూడా తిననిచ్చేది కాదు.

ఆ బెంగంతా ముందుగది గోడ మీద పడింది. ఆ గోడ పొడుగునా, కూర్చున్న మనిషి తల ఎత్తులో, జిడ్డు మరకలు ఉండేవి. ఎందుకుండవూ? గవర్రాజు తల్లి నూకాలమ్మగారికి మోకాళ్ళు పట్టేసి గడప దిగడం మానేసి చాలాకాలమైంది. ఆవిడ వీధిలోకి వెళ్ళలేరు కాబట్టి వీధే ఆవిడ దగ్గరికి వచ్చేది. మధ్యాహ్నం భోజనాలు కాగానే ఎదురింటి సింహాచలం పిన్ని, ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు, ఒకరు గోంగూర, ఒకరు చింతపండు, ఒకరు చేటలో బియ్యం పట్టుకుని వచ్చేవాళ్ళు. కాళ్ళు బారజాపుకుని, ఆ గోడకి జారగిలబడి కూర్చునేవాళ్ళు. చేతులు ఆకు తుంచుతుంటే నోళ్ళు ఊరంతా తిరిగొచ్చేవి. తలకి రాసుకున్న కొబ్బరినూనె గోడకి అంటేది. నూకాలమ్మగారికి రోజు మొత్తంలో ఆ కాసేపే పండగ.

గవర్రాజుకి మాత్రం ఆ మరకలు కంట్లో నలుసు. సున్నం వేస్తే నాలుగు రోజులకే మళ్ళీ మొదలు. ఈలోగా కొత్త అమావాస్య వస్తోంది. నూకాంబిక అమ్మవారి పండగ కదా అని తన షావుకారు సన్యాసిరావుగారిని భోజనానికి పిలిచాడు. పిలిచిన దగ్గర్నుంచీ గుబులే.

"ఆయన ఈ గోడ చూస్తే నా పరువేం గానూ?" అని భార్య దగ్గర వాపోయాడు.

"మీ పరువు గోడలో పెట్టారేటండీ?" అంది గౌరి.

గవర్రాజు వినలేదు. తక్కువ ఖర్చుతో గోడకి ప్యానెళ్ళు బిగించుకోవడం ఎలాగో ఫోన్లో వీడియోలు చూశాడు. ఏదో హోటల్‌కి వాడగా మిగిలిపోయిన ప్యానెళ్ళు ఒక షాపులో చవగ్గా దొరికాయి. చూడ్డానికి అచ్చం టేకు చెక్కే. పైనుంచి కిందదాకా నిలువుగా గట్లు గట్లుగా ఉన్నాయి. మేస్త్రీ ఎందుకు దండగ అని ఆదివారం తనే కొలిచాడు, తనే కోశాడు. గౌరి గమ్ము రాసి అందిస్తే తనే అతికించాడు. నిజం చెప్పాలి కదా, గోడ భలేగా కుదిరింది! ఎంత చవగ్గా అయిందో చెప్తే ఎవరూ నమ్మరు. గౌరి కూడా మెచ్చుకుంది. నూకాలమ్మగారు గోడంతా తడిమి చూసి, "బాగుందిరా నాయనా" అన్నారు.

మర్నాడు భోజనాలయ్యాక ఆడవాళ్ళు వచ్చారు. గోడ చూసి ముక్కున వేలేసుకున్నారు. భోజనానికి ఇంటికొచ్చిన గవర్రాజు ఉబ్బిపోయాడు. సింహాచలం పిన్ని అలవాటుగా వెనక్కి వాలబోయింది.

"పిన్నీ! ఆనుకోకు, ఆనుకోకు! నూనె అంటిందంటే ఆ గట్ల సందుల్లోంచి చచ్చినా పోదు" అని గవర్రాజు ఒక్క కేక పెట్టాడు.

పాపం, పిన్ని ఉలిక్కిపడి ముందుకి జరిగింది. అందరూ గది మధ్యలో, ఏ ఆసరా లేకుండా కూర్చున్నారు. ముసలి నడుములు ఎంతసేపు నిలుస్తాయి? తెచ్చిన గోంగూర సగంలో మూటగట్టుకుని లేచారు. తర్వాత ఒకరు నడుం నొప్పన్నారు, ఒకరు ఇంట్లో పనుందన్నారు. చివరికి అందరూ సింహాచలం పిన్ని అరుగు మీదికి చేరారు. ఆ నవ్వులు వీధి దాటి నూకాలమ్మగారికి వినపడేవి. ఆవిడ మాత్రం అక్కడికి వెళ్ళలేరు. మధ్యాహ్నం కాగానే పక్కగదిలో పాత గోడకి ఆనుకుని, ఖాళీ చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. గౌరి కంట అది రోజూ పడేది. గవర్రాజుకి గోడ తప్ప ఏదీ కనపడేది కాదు.

అమావాస్య రానే వచ్చింది. షావుకారు వచ్చారు, గారెలూ పులిహోరా కడుపారా తిన్నారు. గోడ గురించి ఒక్క ముక్క అంటారేమోనని గవర్రాజు ఆయన చుట్టూనే తిరిగాడు. ఆయన చూపు గోడ మీదికి పోతేనా! చాప మీద చతికిలబడి, "అమ్మయ్య" అని భారీ శరీరాన్ని గోడకి చేరేశారు. వెంటనే ఎగిరిపడ్డారు.

"ఓరి నీ గోడ సల్లగుండా! ఇది వీపు గోక్కోడానికి పెట్టించావేట్రా?" అన్నారు నవ్వుతూ.

గవర్రాజు మొహం మాడిపోయింది. "కుర్చీ తెస్తానండీ" అన్నాడు.

"తిన్నాక కుర్చీ ఎవడిక్కావాలి?" అని ఆయన లేచి, పక్కగదిలోకి వెళ్ళి నూకాలమ్మగారి పక్కన పాత గోడకి హాయిగా జారగిలబడ్డారు. "ఏమ్మా, మీ ఇల్లు మధ్యాహ్నాలు తిరనాళ్ళలా ఉంటుందని మీవాడు చెప్పేవాడు. ఏరీ మీవాళ్ళు?" అని అడిగారు.

"వాళ్ళకి నడుము వాల్చే చోటు పోయింది బావూ. ఎదురింటికి వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేను కదా" అన్నారావిడ. అలా అంటూ కొంగుతో కళ్ళద్దుకున్నారు.

ఆ మాట గుమ్మంలో నిలబడ్డ గవర్రాజుకి సూటిగా తగిలింది. ఎవరి మెప్పు కోసం ఆ గోడని ముస్తాబు చేశాడో ఆయన దాన్ని చూడనేలేదు. తల్లికి మాత్రం ఉన్న ఒక్క సంబరమూ పోయింది. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

షావుకారుని సాగనంపగానే కట్టర్ తీశాడు. నేల మీద కూర్చుని, తల ఆనించి, పక్కన గీత పెట్టాడు. నేల నుంచి ఆ గీతకి జానెడు పైదాకా ప్యానెళ్ళు కోసి ఊడదీశాడు. గమ్ముతో పాటు గోడ పెచ్చులు ఊడితే పుట్టీ పెట్టి నున్నగా చేసి, తుడిస్తే పోయే రంగు వేశాడు. కోత కనపడకుండా మధ్యలో సన్నటి చెక్క పట్టీ కొట్టాడు. పైన టేకు రంగు, కింద చల్లని పచ్చరంగు. గోడ ముందుకన్నా బాగుందని గౌరి అంది. మెప్పుకోసం ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు.

రంగు ఆరాక తనే ఎదురింటికి వెళ్ళాడు.

"పిన్నీ, అమ్మ రమ్మంటోంది. అందరూ రండి."

"వస్తాం గానీ, ఆనుకోవచ్చా బావూ? నీ కేకకి నాకింకా గుండె దడ తగ్గలేదు!" అని సింహాచలం పిన్ని ఎకసెక్కెం ఆడింది.

"తలకి నూనె దట్టంగా పట్టించుకుని మరీ రా పిన్నీ, తుడుచుకోవడం నా పని" అన్నాడు గవర్రాజు చేతులు జోడించి.

ఆ మధ్యాహ్నం గోడ పొడుగునా మళ్ళీ వీపులు చేరాయి. నూకాలమ్మగారి చేట గోంగూరతో నిండింది. నవ్వులు ఈసారి వాళ్ళింట్లోంచి వీధిలోకి వెళ్ళాయి. సాయంత్రం గవర్రాజు తడిగుడ్డతో గోడ తుడుస్తుంటే నూకాలమ్మగారు చూసి, "ఇప్పుడు నిజంగా బాగుందిరా" అన్నారు.

చూసిపోయేవాళ్ళ మెప్పు కోసం ఇంట్లో ఉండేవాళ్ళ సుఖాన్ని పోగొట్టకూడదు. మనవాళ్ళు హాయిగా ఉండగలిగిందే అందమైన ఇల్లు.